అలమారల మీది పేర్లు చదువుకుంటూ పాతపట్నం దాకా

పుస్తకాలు గోనెసంచుల్లో ఉన్నన్నాళ్ళు మాలో మాకు తగవు లేదు. మాది కడప జిల్లాలో చిన్న ఊరు. మా వీధిలో పాత పాలకేంద్రం గది ఖాళీ అయితే అందరం కలిసి దాన్ని గ్రంథాలయం చేద్దామనుకున్నాం. ఇల్లిల్లూ తిరిగి పుస్తకాలు అడిగి తెచ్చాం. సంచులు విప్పి, అలమారల ముందు నిలబడ్డాక మొదలైంది గొడవ. రిటైరైన లెక్కల మాస్టారేమో పెద్ద గ్రంథాలయాల్లోలాగా అంకెలు వేయాల్సిందే అన్నారు. మందుల షాపాయనేమో రచయితల పేర్లతో అఆఇఈ వరసలో పెడితే చాలన్నాడు. తాళంచెవి నా దగ్గర ఉంది కాబట్టి ఇద్దరూ మా ఇంటికే వచ్చి వాదించుకునేవాళ్ళు. నేను పొద్దున ఒకరు చెప్పినట్టు సర్దేదాన్ని, సాయంత్రం ఇంకొకరు చెప్పినట్టు మార్చేదాన్ని. కళ్ళు మూసుకుంటే అట్టలే కనిపించేవి.

చివరికి, నాలుగు ఊళ్ళు తిరిగి వేరేవాళ్ళు ఎట్లా పెట్టుకున్నారో చూసి వస్తానని చెప్పి బయలుదేరాను. విజయనగరంలో మా పెద్దమ్మ కూతురు సుశీలక్క ఉంది. ఆ వైపు ఎప్పుడూ వెళ్ళలేదు. నేను చూసిన గ్రంథాలయాల పేర్లు ఇక్కడ రాయడం లేదు. అవన్నీ చిన్న చిన్న చోట్లు, ఉన్నదాంతో నెట్టుకొస్తున్న మనుషులు.

విజయనగరం

రైలు దిగిన పూటే వెళ్దామంటే అక్క ఒప్పుకోలేదు. ముందు స్నానం చేసి తినమంది. పనసపొట్టుకి ఆవ పెట్టి కూర చేసింది. మా వైపు ఆవాలంటే తాలింపులో చిటపటలాడేవే. వీళ్ళు నూరి, కూర దించాక కలుపుతారు. మొదటి ముద్దకే ఘాటు ముక్కులోకెక్కి కళ్ళనీళ్ళు వచ్చాయి. అక్క నవ్వి ఇంకో గరిటె వేసింది. నేను గడియారం చూస్తూ తిన్నాను.

"అంత తొందరేటే? పుస్తకాలు ఎక్కడికి పోతాయి?" అంది. పెళ్ళై వచ్చి ఇన్నేళ్ళయ్యాక దాని మాట పూర్తిగా ఈ ఊరి మాటైపోయింది.

కోట దగ్గర ఆటో దిగి, రెండు సందులు లోపలికి నడిచి ఒక చదివే గది కనుక్కున్నాం. పత్రికల బల్ల నిండా జనమే. అలమారలకు మాత్రం అద్దాలు, అద్దాలకు తాళాలు. పుస్తకాల వీపుల మీద అతికించిన కాగితం ముక్కలు ఎండకు వెలిసిపోయి, అంకెలు పోయి, పచ్చటి బంక మరకలు మిగిలాయి. పుస్తకం కావాలంటే ఏంచేయాలని అడిగితే, జాబితాలో చూసి నంబరు రాసిస్తే తీసిస్తామన్నారు. ఏ పుస్తకం కావాలో ముందే తెలిసినవాళ్ళకు అది బాగానే ఉంటుంది. నాకు తెలియదు. అద్దం మీద చేతులు ఆనించి, మొహం పెట్టి లోపలికి చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఒక అలమార మాత్రం తెరిచి ఉంది. అందులో ఒక పుస్తకం తలకిందులుగా కనిపించింది. చెయ్యి ఆగక సరిచేశాను. పక్కది కూడా. ఆ వరసంతా సర్దేసరికి వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. అక్కడి ఉద్యోగి. అలమార మూసి తాళం వేసి వెళ్ళిపోయాడు.

అక్క నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. నా వల్ల తెరిచి ఉన్న ఆ ఒక్కటీ మూతపడిందనే బాధ ఆ పూటంతా వదల్లేదు.

చీపురుపల్లి

మర్నాడు ఒక్కదాన్నే రైలెక్కాను. చీపురుపల్లిలో దిగేటప్పుడు చెప్పు తెగింది. స్టేషను బయట కుట్టించుకుంటూ, పక్క బడ్డీలో వేడివేడి పుణుగులు పది రూపాయలవి తీసుకుంటే దోసిలి నిండా పెట్టారు. మా ఊళ్ళో ఆ డబ్బుకు అందులో సగం వస్తాయి. చట్నీ మాత్రం మా ఊరిదే బాగుంటుంది. వీళ్ళ దాంట్లో బెల్లం తగిలింది.

ఇక్కడి గ్రంథాలయంలో తాళాల్లేవు. అలమారల మీద పెద్ద అక్షరాలతో పేర్లున్నాయి. దగ్గరికెళ్ళి చదివి ఆశ్చర్యపోయాను. 'పోలీసు', 'టీచరు', 'బ్యాంకు', 'రైల్వే', 'గ్రూప్స్'. పోటీ పరీక్షలకు చదువుకునే అమ్మాయిలూ అబ్బాయిలూ గది నిండా ఉన్నారు. తలెత్తి చూసేవాళ్ళు లేరు. వాళ్ళకు కావాల్సినట్టు వాళ్ళే పేర్లు రాసి అతికించుకున్నారట. కథల పుస్తకాలూ నవలలూ ఎక్కడని అడిగితే, ఒకమ్మాయి పెన్ను ఎత్తకుండానే మూల చూపించింది. ఆ మూల అలమార మీద 'మిగతావి' అని ఉంది.

కిటికీ దగ్గర తలపాగా చుట్టుకున్న ఒక రైతు పేపరు చదువుకుంటున్నాడు. నువ్వుల పంటకు వచ్చిన తెగులు గురించి పుస్తకం ఒకటి ఉండేదని, ఇప్పుడు ఎంత వెతికినా కనబడటం లేదని చెప్పాడు. నేను వెతికాను. 'పోలీసు' అలమారలో, వెనక వరసలో దొరికింది. ఆయన పుస్తకం అందుకుని, తుడుచుకుని, "ఎవసాయానికి పరీక్ష నేదు గదమ్మా. అందుకే అలమారా నేదు," అన్నాడు. కోపంగా అనలేదు. వానపడలేదని చెప్పినంత మామూలుగా అన్నాడు.

'మిగతావి' ముందు కూర్చుని కథలు ఒక పక్కకు, నవలలు ఒక పక్కకు విడదీస్తూ నేనెక్కాల్సిన రైలు సంగతి మరిచిపోయాను. స్టేషనుకు పరుగెత్తేసరికి ఆ బండి వెనక పెట్టె కనిపించింది. బస్సులో నిలబడి శ్రీకాకుళం చేరాను. నడుము విరిగిపోయింది. అయినా మనసు కూర్చోనివ్వలేదు. లాడ్జిలో సంచి పడేసి మళ్ళీ బయటపడ్డాను.

శ్రీకాకుళం

ఊళ్ళో పెద్దలు కొందరు కలిసి నడుపుకుంటున్న చదివే గది అది. చూసుకునే మాస్టారు ఎంతో శ్రద్ధగల మనిషి. ప్రతి పుస్తకానికీ అంకె, ప్రతి అలమారకూ అంకె. సున్నాలు మూడు, తర్వాత నూరు, రెండు వందలు, అలా తొమ్మిది వందల దాకా తెల్లకాగితం మీద నల్లగా, ఎక్కడా వంకర లేకుండా రాసి అంటించారు. మా లెక్కల మాస్టారు చూస్తే పొంగిపోయేవారు. నాకూ ఊపిరాడినట్టయింది. ఇదే సరైన పద్ధతి, ఊరికెళ్ళి ఇట్లాగే చేసేద్దాం, పీడ వదిలిపోతుంది అనుకున్నాను.

మాస్టారు టీకి వెళ్ళారు. నేను ఒక అర ముందు నిలబడి అంకెలు చూసుకుంటుంటే, నీలం చీర కట్టుకున్న ఒకావిడ లోపలికి వచ్చింది. ముప్పయ్యేళ్ళు దాటి ఉంటాయి. చేతిలో ఫోను గట్టిగా పట్టుకుని ఉంది. ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు అలమారల ముందు నడిచింది. నన్ను అక్కడి మనిషి అనుకున్నట్టుంది. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"ఈ అంకెలు ఏటమ్మా? రేట్లా?"

కావని చెప్పాను. ఏం కావాలని అడిగాను. పెద్ద దేశపటం పుస్తకం కావాలంది. ఫోనులో చూడొచ్చు కదా అన్నాను.

"సూసినానమ్మా. ఏలెడితే జరిగిపోతాది. ఆ ఊరి పక్కన ఊరే కనబడతాది. మేమెక్కడున్నాం, ఆళ్ళెక్కడున్నారన్నది ఒక్కపాలి కనబడదు."

ఆమె పేరు నూకరత్నం. సముద్రం ఒడ్డున పల్లె. చేపలు అమ్ముతుంది. వాళ్ళాయన ఈ ఏడు కూడా అందరితోపాటు గుజరాత్ వెళ్ళాడు. అక్కడి బోట్లలో వేటకు కూలికి కుదురుతారట. ఇక్కడి సముద్రంలో చేప తగ్గిపోయిందని, పల్లెలో సగం మంది మగాళ్ళు అలాగే వెళ్తారని చెప్పింది. మామూలుగా బోటు ఒడ్డుకు రాగానే ఫోను చేస్తాడు. రావాల్సిన రోజు దాటి చాలా రోజులైంది. బోటు ఓనరుకు చేస్తే వస్తారు, వస్తారు అంటున్నాడు. హద్దు దాటితే పాకిస్తాను వాళ్ళు పట్టుకుపోతారు. వాళ్ళ పల్లెలో అంతకుముందు అలా జరిగిన ఇళ్ళున్నాయి. ఇదంతా ఆమె ఏడవకుండా, అలమారల వైపు చూస్తూనే చెప్పింది.

పటాల పుస్తకం తొమ్మిది వందల అలమారలో ఉండాలి. నేను ఆ లెక్క కొంచెం నేర్చుకునే వచ్చాను. వెతికాను, లేదు. చరిత్ర ఉంది, జీవిత చరిత్రలున్నాయి, పటం లేదు. వంగి కింద అర చూశాను, లేచి పై అర చూశాను. చివరికి స్టూలెక్కితే అలమార నెత్తిన పాత పేపర్ల కింద అడ్డంగా పడుకుని ఉంది. అరలో పట్టనంత పెద్దది కాబట్టి అక్కడ పెట్టారు. దించుతుంటే స్టూలు కదిలి దుమ్మంతా నా నెత్తిన పడింది. నూకరత్నం నా నడుము పట్టుకుని నిలబెట్టింది.

బల్ల మీద పరిచాం. పేపర్లు చదివేవాళ్ళు కుర్చీలు జరుపుకుని చోటిచ్చారు. శ్రీకాకుళం ఎక్కడో నేను చూపించాను. ఆమె దాని మీద ఎడమచెయ్యి పెట్టింది. గుజరాత్ చూపిస్తే కుడిచెయ్యి అక్కడ పెట్టింది. రెండు చేతుల మధ్య దేశమంతా ఉంది. తర్వాత వంగి, గుజరాత్ పక్క నీలిరంగులో ఏదో వెతికింది.

"నీటి మీద గీత నేదేటి?"

నీటి మీద గీయలేదని చెప్పాను.

"మరి ఆళ్ళకెలాగ తెలుస్తాది?" అంది.

అంతలో మాస్టారు టీ తాగి వచ్చారు. పుస్తకం ఇంటికివ్వడానికి వీల్లేదని ఆయన నొచ్చుకుంటూనే చెప్పారు. నూకరత్నం ఫోనుతో ఆ పేజీ ఫోటో తీసుకుంది. నా నంబరు తీసుకుంది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. వెళ్ళేముందు ఆ పుస్తకాన్ని తిరిగి నెత్తిన పెట్టబోతున్న మాస్టారి వైపు ఒకసారి చూసింది.

అంకెల పద్ధతి సరైనదని గంట క్రితం అనుకున్న మాట నాలో ఇక నిలవలేదు.

పాతపట్నం

పొద్దున్నే బస్సెక్కాను. దారిపొడుగునా కోసిన వరిచేలు, చలిమంటల బూడిద. ఏ పల్లెలో ఆగినా దిగిపోయి వెనక్కి, నూకరత్నం దగ్గరికి వెళ్దామనిపించింది. వెళ్ళి చేసేదేమిటో మాత్రం తెలియదు. పక్క సీటు పెద్దావిడ స్టీలు గిన్నె మూత తీసి చోడి అంబలి ఇచ్చింది. మా రాగులే వీళ్ళకు చోళ్ళు. మేం ముద్ద చేసి పులుసులో ముంచుకుంటే, వీళ్ళు పల్చగా కాచి పులియబెట్టి ఉల్లిపాయ నంజుకుని తాగుతారు. కడుపు చల్లబడింది. మనసు కాదు.

పాతపట్నం దాటితే ఒడిశానే. కొట్ల మీద రెండు లిపులు, బేరాల్లో రెండు భాషలు. గ్రంథాలయం ఒక మిద్దె గదిలో ఉంది. చూసుకునేది పద్మ గారని, నా ఈడు మనిషి. లోపలికి అడుగుపెట్టగానే అలమారల మీద పేర్లు కనిపించాయి. పైన తెలుగు, కింద ఒడియా. 'కథలు', 'దేవుళ్ళు', 'పంటలు', 'పిల్లలకి', 'దేశాలు - దారులు'. ప్రతి పేరు కిందా మూలలో, చిన్నగా, అంకె కూడా ఉంది.

బాగున్నాయని నేనంటే ఆవిడ తల అడ్డంగా ఊపింది. మొదట ఒక అలమారకు 'ఒళ్ళు - జబ్బులు' అని రాసిందట. ఆ పేరు చూశాక ఒక్క మనిషీ దాని దగ్గరికి వెళ్ళలేదు. ఎవరికే జబ్బుందో పదిమందికీ తెలిసిపోతుందని భయం. ఆఖరికి ఆ అలమారను వంటల పక్కకు జరిపి పేరు తీసేసింది. ఇప్పుడు వంటల పుస్తకం కోసం వచ్చినట్టు వచ్చి చూసుకుని వెళ్తున్నారని చెప్పింది.

అది వింటుండగానే ఫోను మోగింది. నూకరత్నం. వెనక ఎవరో ఏడుస్తున్నారు, చాలామంది ఒకేసారి మాట్లాడుతున్నారు. ఓనరు మనిషి ఫోను చేశాడట. బోటు ఇంజను చెడిపోయి కొట్టుకుపోయింది, ఎవరో లాక్కుపోయి 'జకావు' అనే చోట పెట్టారని చెప్పాడు. అంతలోనే లైను పోయింది. మళ్ళీ చేస్తే కలవడం లేదు. అది మన దేశంలోదని కొందరు, అవతలిదని కొందరు అంటున్నారు. అత్తగారు అప్పుడే శోకాలు పెట్టేసింది.

"అప్పా, నీ కాడ ఆ పుస్తకం ఉన్నాదేటి? జకావు ఏ పక్కనున్నాదో సూసి సెప్పు." వాళ్ళ మాటలో అప్పంటే అక్క.

ఫోనులో కొడితే జకార్తా వచ్చింది. ఇంకోలా కొడితే అదే వచ్చింది. వాళ్ళ పల్లెలో కుర్రవాళ్ళకూ అదే వస్తోందట. ఫోను బల్ల మీద పడేసి 'దేశాలు - దారులు' దగ్గరికి వెళ్ళాను. వెతకాల్సిన పని లేకపోయింది. పటాల పుస్తకం కింద అరలో నిలబెట్టి ఉంది.

చివరి పేజీల్లో ఊళ్ళ పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉన్నాయి. నేను వేలు పెట్టి దిగుతుంటే మొదట జాకోబాబాద్ కనిపించింది. పాకిస్తాను. పద్మ గారు పేజీ తిప్పి చూసి, అది నేల మధ్యలో ఉంది, సముద్రం లేదు, బోటు అక్కడికెలా వెళ్తుంది అంది. నిజమే. మళ్ళీ దిగాను. జఖావ్ అని ఒకటుంది. గుజరాత్ పేజీ. ఒడ్డు వెంబడి వేలు జరుపుకుంటూ పైకి, ఇంకా పైకి వెళ్ళాను. హద్దుకు అంత దగ్గరగా ఉంది ఆ చుక్క. గీత ఇటువైపా, అటువైపా అన్నది నా కళ్ళకు ఆనలేదు. పత్రిక చదువుకుంటున్న ముసలాయన లేచి వచ్చి తన భూతద్దం ఇచ్చాడు. ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం.

ఇటువైపే ఉంది.

ఫోను చేస్తే బిజీ. మళ్ళీ చేస్తే బిజీ. గది ఆ చివరకూ ఈ చివరకూ తిరిగాను. పద్మ గారు కుర్చీ జరిపితే కూర్చుని, ఫోను కలిసే లోపల మళ్ళీ లేచాను.

"ఈ పక్కే రత్నం. మన గుజరాత్‌లోనే ఉంది," అన్నాను.

అవతల ఏడుపులు ఆగినట్టున్నాయి.

"ఇంకోపాలి సూసి సెప్పు అప్పా."

భూతద్దం పెట్టి మళ్ళీ చూశాను. మళ్ళీ చెప్పాను. ఆమె ఉంటానని కూడా అనకుండా పెట్టేసింది. ముసలాయన భూతద్దం తుడుచుకుని తన కుర్చీకి వెళ్ళిపోయాడు. పద్మ గారు ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ తెరిచి నాకూ సగం పెట్టింది. ఏం తిన్నానో గుర్తులేదు.

తిరుగు దారి

మర్నాడు వస్తున్నానని ఫోను చేసి బయలుదేరితే, శ్రీకాకుళం బస్టాండులో నూకరత్నం నా కోసం నిలబడి ఉంది. వాళ్ళాయన ముందు రోజు సాయంత్రం మాట్లాడాడట. గస్తీ ఓడవాళ్ళు బోటును తాడేసి లాక్కొచ్చారు. అరచేతులు ఒరుసుకుపోయాయి గానీ బాగానే ఉన్నాడు. ఇంటికి వచ్చెయ్యమంటే, వేసవి దాకా పని ఉంది, మధ్యలో వస్తే మళ్ళీ పిలవరు అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడే ఆమె కళ్ళలో మొదటిసారి నీళ్ళు చూశాను. కోపంతో వచ్చిన నీళ్ళు.

ఇంకో సంగతి కూడా చెప్పింది. అత్తగారిని ఆ చదివే గదికి తీసుకెళ్ళి కొడుకు ఎక్కడున్నాడో చూపించిందట. పటాల పుస్తకం మళ్ళీ అలమార నెత్తినే ఉంటే తనే స్టూలెక్కి దించింది.

"బల్ల మీదే ఉంచమన్నాను మాస్టారిని. పైనెడితే ఎవులికి కనబడతాది? మా పల్లెలోలు ఇంకా వస్తారు అన్నాను," అంది. మాస్టారు సరేనన్నారట.

ఎండు రొయ్యల పొట్లం నా చేతిలో పెట్టి బస్సెక్కించింది. విజయనగరం నుంచి మా ఊరి దాకా నా చుట్టూ ఎవరూ కూర్చోలేదు. అంత వాసన వాటిది.

మా గది

ఇంటికొచ్చాక తగవు మళ్ళీ మొదలవుతుందని భయపడ్డాను. ఈసారి నేనే ముందు మాట్లాడాను. పేర్లు పెద్దవిగా, మనిషి నోటితో అడిగే మాటల్లోనే రాద్దామన్నాను. అంకెలు కింద చిన్నగా ఉంటే లెక్కల మాస్టారికి సరిపోయింది. కథల అలమారలో మాత్రం అఆఇఈ వరస పెట్టించుకుని మందుల షాపాయన ఊరుకున్నాడు. జబ్బుల పుస్తకాలు వంటల పక్కన పెట్టాం, పేరు రాయలేదు. పటాల పుస్తకం మా దగ్గర లేదు. కొన్నాం. గుమ్మం పక్కన బల్ల మీద తెరిచి ఉంచాం.

గది తెరిచిన రోజు ఉపన్యాసాలయ్యాయి, టీలయ్యాయి, అందరూ వెళ్ళిపోయారు. నేను బల్ల దగ్గర కూర్చున్నాను. కాసేపటికి పక్క వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకునే చంద్రకళ వచ్చింది. గుమ్మంలో ఆగి, లోపల ఎవరూ లేరని చూసుకుని, అడుగు పెట్టింది. అలమారల మీది పేర్లు పెదవులు కదుపుతూ ఒక్కొక్కటే చదివింది. ఏం కావాలమ్మా అని అడగడానికి నేను సగం లేచాను. మళ్ళీ కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆమె వంటల అలమార దాకా వెళ్ళింది. దాన్ని దాటి, పేరు లేని దాని ముందు ఆగింది. ఒక పుస్తకం తీసి, గోడ వైపు తిరిగి, నిలబడే చదువుకుంది. చదివి దాని చోట దాన్ని పెట్టేసి వెళ్ళిపోయింది. నన్నేమీ అడగలేదు.